లిలీపాండ్‌లో గ్రేస్ నోట్లు: మొదటి చిన్న స్వరం దగ్గరే మూడు వాద్యాల వరస చెదిరిపోతోంది

వయోలా_విశాఖ | శనివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇంటి దగ్గర ముగ్గురు పిల్లలకి తీగవాద్యాలు నేర్పుతున్నాను. ఒకమ్మాయి వయొలిన్, ఇంకో అమ్మాయి వయోలా, ఒకబ్బాయి సెల్లో. వాళ్ల కోసం మోట్సార్ట్ ఎ మైనర్ పియానో సొనాటా (కె. 310) మొదటి భాగంలోంచి మొదలు కొన్ని బార్లు తీసుకుని ముగ్గురికీ పంచి రాస్తున్నాను. కుడిచేతి పాట వయొలిన్‌కి ఇచ్చాను. ఎడమచేతిలో ఆగకుండా కొట్టే ఎయిత్ నోట్ (ఎనిమిదో వంతు స్వరం) కార్డ్స్ (కలిసి మోగే స్వరాలు) వయోలాకీ సెల్లోకీ పంచాను.

ఆ పాట మొదలయ్యేదే ఒక చిన్న స్వరంతో (గ్రేస్ నోట్, అసలు స్వరం ముందు చిన్న సైజులో రాసే అలంకారం). ముందు చిన్న డి షార్ప్, దాన్ని ఆనుకుని అసలు స్వరం ఇ. ఈ చిన్న స్వరం వయొలిన్‌కి ఒక్కదానికే ఉంది, కింది రెండు వాద్యాలకీ లేదు. లిలీపాండ్ 2.24లో (ఆదేశాలు టైప్ చేస్తే స్వరలిపి పేజీ వేసిపెట్టే సాఫ్ట్‌వేర్) రాశాను. వయొలిన్ ఒక్కటే ప్రింట్ తీస్తే చక్కగా ఉంది. మూడూ కలిపితే వయోలా గీతల మీద ముందు ట్రెబుల్ క్లెఫ్ (ఏ గీత ఏ స్వరమో చెప్పే గుర్తు) వస్తోంది, దాని పక్కన చిన్న సైజులో ఆల్టో క్లెఫ్ వస్తోంది. సెల్లోకీ అంతే, ముందు ట్రెబుల్, తర్వాత చిన్న బాస్ క్లెఫ్. నేను ఎక్కడా ట్రెబుల్ అని రాయలేదు.

ఇంకో చోట కూడా ఇబ్బంది ఉంది. ఐదో బార్‌లో వయొలిన్‌కి రెండు చిన్న స్వరాలు రాసి, దానికి బదులు చెప్పినట్టు వయోలాకి ఒక చిన్న స్వరం నేనే చేర్చాను. రెండూ ఒకేసారి మొదలవ్వాలని నా ఉద్దేశం. పేజీ మీద వయోలా స్వరం వయొలిన్ రెండో స్వరం కింద పడుతోంది.

రెండు రోజులుగా దీని మీదే కూర్చున్నాను. తప్పు నా రాతలో ఉందా, సాఫ్ట్‌వేర్‌లో ఉందా?

కోడంబాక్కం_కాపీయిస్ట్ | శనివారం రాత్రి 10:05

మేడమ్, మొదటి బార్ మూడు వాద్యాలకీ ఎలా రాశారో యథాతథంగా పెట్టండి. క్లెఫ్, టెంపో, టైమ్ సిగ్నేచర్ ఏ వరసలో ఉన్నాయో కూడా చెప్పండి. వీటికోసం విడిగా ఒక వేరియబుల్ పెట్టుకున్నారా?

వయోలా_విశాఖ | శనివారం రాత్రి 10:21

ఆదేశాలు పలికినట్టు తెలుగులో రాస్తున్నాను, ఫైల్లో మాత్రం ఇంగ్లీషు అక్షరాలే. డిస్ అంటే డి షార్ప్, పక్కన అంకె నిడివి: 8 అంటే ఎనిమిదో వంతు.

వయొలిన్: \క్లెఫ్ ట్రెబుల్ \గ్రేస్ డిస్8 ఇ4 ...
వయోలా: \క్లెఫ్ ఆల్టో, వెంటనే కార్డ్స్.
సెల్లో: \క్లెఫ్ బాస్, వెంటనే ఎ స్వరాలు.

అవునండీ, టైమ్ సిగ్నేచర్, అల్లెగ్రో మాయెస్తోసో అన్న టెంపో మాట రెండూ «గ్లోబల్» అనే వేరియబుల్‌లో ఉన్నాయి. మూడు స్టాఫ్‌లలోనూ (ఒక్కో వాద్యానికి ఐదు గీతల వరస) దాన్ని పక్కపక్కన నడిపిస్తున్నాను.

వరంగల్_కీబోర్డ్ | శనివారం రాత్రి 10:50

అక్కా, నేనైతే మ్యూజ్‌స్కోర్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌ల చేస్త. అండ్ల నోటు సెలెక్ట్ చేసి స్లాష్ కీ కొడితే చిన్న స్వరం వచ్చి ముందల కూసుంటది. క్లెఫ్ లొల్లి అస్సలు ఉండదు. కిందిదానికీ మీదిదానికీ వరస కలువకపోతే ప్రాపర్టీస్‌ల పక్కకు జరుపుకోవచ్చు. లిలీపాండ్ల గింత కష్టం ఎందుకు?

ఐదు_గీతలు | శనివారం రాత్రి 11:32

వరంగల్ తమ్ముడు చెప్పినట్టు చేస్తే ఈ పూటకి పని జరుగుతుంది. కానీ చేత్తో జరిపిన దూరం దాని అసలు చోటు నుంచి కొలిచినది. రేపు పేపర్ సైజు మారినా, ఒక బార్ కింది వరసకి దిగినా, పక్కన ఒక షార్ప్ చేరినా ఆ దూరం మాత్రం అంతే ఉండిపోతుంది, చుట్టూ ఉన్నవి జరుగుతాయి. మళ్లీ మొదటినుంచీ సర్దుకోవాలి. నలభై పేజీల స్కోరులో అలా సర్దినవాడిని నేను. రెండోసారి ఆ పని పెట్టుకోకూడదనే లిలీపాండ్‌కి వచ్చాను.

విశాఖ మేడమ్, మీ రాతలో తప్పు లేదు. లిలీపాండ్ కాలాన్ని ఎలా లెక్కపెడుతుందో తెలిస్తే మీరు చూసినవన్నీ ఒకే కారణం నుంచి వచ్చాయని అర్థమవుతుంది.

దానికి ప్రతి క్షణంలోనూ రెండు అంకెలు ఉంటాయి. ఒకటి అసలు కాలం, ఇంకోటి గ్రేస్ కాలం. మామూలు స్వరాలకి గ్రేస్ కాలం సున్నా. చిన్న స్వరం వచ్చినప్పుడు అసలు కాలం కదలదు, గ్రేస్ కాలం మాత్రం వెనక్కి జరుగుతుంది. మీ వయొలిన్‌కి ఎయిత్ నోట్ సైజు చిన్న స్వరం ఉంది కాబట్టి స్కోరు సున్నా దగ్గర మొదలవ్వదు. సున్నాకి ముందు, గ్రేస్ కాలంలో మైనస్ 1/8 దగ్గర మొదలవుతుంది.

స్కోరు మొదలైందంటే మూడు స్టాఫ్‌లూ గీతలు గీయడం మొదలుపెడతాయి. గీతలు మొదలైతే క్లెఫ్ ఉండాలి. కానీ వయోలాకి మీరు చెప్పిన ఆల్టో క్లెఫ్ సున్నా దగ్గర ఉంది, ఇంకా ఆ క్షణం రాలేదు. అందుకని తన సొంతంగా ట్రెబుల్ వేసుకుంటుంది. తర్వాత సున్నా వస్తుంది, మీ ఆల్టో కనబడుతుంది. అప్పటికే ఒక క్లెఫ్ ఉంది కాబట్టి దీన్ని మధ్యలో జరిగిన మార్పు అనుకుని చిన్న సైజులో వేస్తుంది. మీరు చూస్తున్నది అదే.

ఇది ఎప్పటినుంచో తెలిసిన ఇబ్బందే. లిలీపాండ్ బగ్గుల జాబితాలో దీని సంఖ్య 34. వాళ్ల మాన్యువల్‌లో కూడా హెచ్చరిక ఉంది. మందు ఏమిటంటే, చిన్న స్వరం లేని స్టాఫ్‌లకి కూడా కనబడని గ్రేస్ ఒకటి పెట్టడం. \గ్రేస్ ఎస్ అని రాస్తే చాలు. «ఎస్» అంటే కాలం నడుస్తుంది, కాగితం మీద ఏమీ పడదు.

వయోలా_విశాఖ | ఆదివారం ఉదయం 7:15

పొద్దున్నే లేచి చేశాను. వయోలాకీ సెల్లోకీ \గ్రేస్ ఎస్16 పెట్టాను. ఏమీ మారలేదండీ. ట్రెబుల్ క్లెఫ్ అలాగే ఉంది. క్లెఫ్ ముందు పెట్టి చూశాను, క్లెఫ్ తర్వాత పెట్టి చూశాను.

కోడంబాక్కం_కాపీయిస్ట్ | ఆదివారం ఉదయం 7:40

ఎస్16 కాదు మేడమ్, ఎస్8. వయొలిన్ మైనస్ 1/8 దగ్గర మొదలైతే మీ వయోలా మైనస్ 1/16 దగ్గర మొదలవుతోంది. సగం దూరం ఇంకా ఖాళీగానే ఉంది, ఆ ఖాళీలో ట్రెబుల్ క్లెఫ్ దూరుతోంది. పై స్టాఫ్‌లో చిన్న స్వరాల మొత్తం ఎంతో కింద కూడా అంతే ఉండాలి. పైన నాలుగు పదహారో వంతులు ఉంటే కింద ఎస్4, రెండు ఉంటే ఎస్8.

వరస కూడా ముఖ్యం. ముందు \క్లెఫ్, తర్వాత \గ్రేస్ ఎస్8, తర్వాత అసలు స్వరాలు. క్లెఫ్‌ని గ్రేస్ తర్వాత పెడితే అది మళ్లీ సున్నా దగ్గరికే వెళ్లి కూర్చుంటుంది.

మాన్యువల్ ఉదాహరణల్లో ఎస్16 కనబడుతుంది. అక్కడి పై స్టాఫ్‌లో పదహారో వంతు ఉంది కాబట్టి అలా రాశారు. అదే అంకెని అందరూ తమ ఫైళ్లలోకి దించుకుంటారు. ఈ పొరపాటు నేను చాలామంది ఫైళ్లలో చూశాను.

వయోలా_విశాఖ | ఆదివారం ఉదయం 8:02

వచ్చింది! మూడు క్లెఫ్‌లూ సరిగ్గా, ఒక్కొక్కటే, పెద్ద సైజులో ఉన్నాయి. ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను.

ఒకటి మిగిలింది. అల్లెగ్రో మాయెస్తోసో అన్న మాట టైమ్ సిగ్నేచర్ మీద మొదలవ్వాలి కదా. చిన్న స్వరం దాటి, అసలు ఇ స్వరం నెత్తిన మొదలవుతోంది.

ఐదు_గీతలు | ఆదివారం ఉదయం 9:10

అది గ్లోబల్ నుంచి వస్తోంది మేడమ్. మూడు స్టాఫ్‌లకీ ఖాళీ గ్రేస్ ఇచ్చారు కానీ, వాటి పక్కన నడిచే గ్లోబల్‌కి ఇవ్వలేదు. దాని లెక్కలో టెంపో సున్నా దగ్గరే ఉంది. గ్లోబల్‌లో \టైమ్, \టెంపో రాసిన తర్వాత, మొదటి ఎస్1కి ముందు \గ్రేస్ ఎస్8 పెట్టండి. టెంపో వెనక్కి వస్తుంది. మీది మామూలు 4/4 కాబట్టి టైమ్ సిగ్నేచర్ వంకర బయటపడలేదు. 3/4 పాట అయితే అదీ రెండుసార్లు కనబడి ఉండేది.

స్టాఫ్‌లన్నీ సర్దుకుని గ్లోబల్‌ని మరిచిపోవడం మామూలే. పేజీ మీద దానికంటూ ఒక గీత ఉండదు, అందుకే గుర్తుకు రాదు. డైనమిక్స్ కోసం విడిగా వరస పెట్టుకున్నవాళ్లు దానికీ ఇదే చెయ్యాలి.

వరంగల్_కీబోర్డ్ | ఆదివారం ఉదయం 9:45

అన్నా, గట్లయితే వయొలిన్‌కి చిన్న స్వరం వచ్చిన ప్రతిచోటా మిగతా అన్నింట్ల ఖాళీ పెట్టాల్నా? పది వాద్యాలుంటే బతుకు అయిపాయె.

ఐదు_గీతలు | ఆదివారం ఉదయం 10:20

అవసరం లేదు తమ్ముడూ. మంచి ప్రశ్న అడిగావు. చిన్న స్వరం దగ్గరే మనం రాసిన ఆదేశం ఏదైనా ఉంటేనే గొడవ. అంటే కీ మార్పు, క్లెఫ్ మార్పు, టైమ్ మార్పు, చేత్తో రాసిన బార్ లైన్, రిపీట్ గుర్తు. వాటికవే వచ్చే మామూలు బార్ లైన్లని స్కోరు మొత్తానికీ ఒకే చోట లెక్కపెడుతుంది, అవి చెదరవు. బార్ మధ్యలో చిన్న స్వరం వస్తే దాని జోలికి వెళ్లనక్కర్లేదు. నేను ఫైలు పూర్తయ్యాక పాట మొదలు, రిపీట్లు, కీ మార్పులు, ఈ మూడు చోట్లే వెతుకుతాను.

మేడమ్, మీ ఐదో బార్ సంగతి కూడా ఇదే లెక్కతో తేలుతుంది. చిన్న స్వరాల కాలం అసలు స్వరం నుంచి వెనక్కి లెక్క. వయొలిన్‌కి రెండు పదహారో వంతులంటే మైనస్ 1/8 దగ్గర ఒకటి, మైనస్ 1/16 దగ్గర ఒకటి. వయోలాకి ఒక్క పదహారో వంతు రాస్తే అది మైనస్ 1/16 దగ్గరే ఉంటుంది, అందుకే రెండోదాని కింద పడింది. దాన్ని ఎనిమిదో వంతుగా రాయండి. అప్పుడు మైనస్ 1/8 దగ్గర మొదలై వయొలిన్ మొదటి స్వరం కింద నిలబడుతుంది.

అయితే ఒక మాట. రెండూ కలిసి మొదలవ్వాలా, లేక వయోలా స్వరం వయొలిన్ రెండో స్వరంతో కలవాలా అన్నది చెవితో తేల్చుకోవాల్సిన సంగతి. సాఫ్ట్‌వేర్ మీరు రాసిన నిడివినే నమ్ముతుంది. తీరు కోసం చిన్న స్వరాల సైజు ఎలా పడితే అలా రాసేవాళ్లకి ఇక్కడే దెబ్బ తగులుతుంది.

గుంటూరు_పియానో | ఆదివారం మధ్యాహ్నం 12:30

మొత్తం చదివాను, చాలా నేర్చుకున్నాను. పియానో నేర్పేదాన్ని కాబట్టి ఇంకో వైపు నుంచి ఒక మాట చెప్పాలనిపించింది.

పేజీ మీద చిన్న డి షార్ప్ ఎడమ పక్కన, అసలు ఇ స్వరం కార్డ్ నెత్తిన ఉండటం సరైన పద్ధతే. అచ్చులో అలాగే వేస్తారు. కానీ పిల్లలు దాన్ని చూసి, చిన్న స్వరం ముందే వాయించేసి ఇ స్వరాన్ని కార్డ్‌తో కలుపుతారు. 18వ శతాబ్దపు అలవాటు అది కాదు. ఆ కాలపు జర్మన్ స్వరకర్త సి.పి.ఇ. బాఖ్ 1753లో అచ్చయిన తన కీబోర్డ్ గ్రంథంలో స్పష్టంగా చెప్పాడు: చిన్న అక్షరాల్లో రాసిన అలంకారం తర్వాతి స్వరానికి చెందినది, దాని కాలంలోంచే తీసుకుంటుంది, ముందు స్వరాన్ని తగ్గించదు, బేస్ ఆ చిన్న స్వరంతోనే కలిసి మోగాలి. అంటే డి షార్ప్, కింద ఎ మైనర్ కార్డ్ రెండూ ఒకేసారి పడాలి.

వాయించి చూడండి. కింద ఎ, సి, ఇ మోగుతుండగా పైన డి షార్ప్ ఒరుసుకుని ఇ మీదికి ఎక్కుతుంది. మొదటి దెబ్బలోనే ఒక నొప్పి వినిపిస్తుంది. ముందే వాయించేస్తే ఆ ఒరిపిడి పోతుంది. 1778లో పారిస్‌లో రాసిన సొనాటా ఇది. అదే ఏడు జూలై 3న మోట్సార్ట్ తల్లి అక్కడే చనిపోయింది. రెండింటినీ ముడిపెట్టి కథ చెప్పడం నాకిష్టం లేదు కానీ, ఆ మొదటి దెబ్బని మెత్తగా వాయిస్తే మాత్రం నాకు బాధగా ఉంటుంది.

కోడంబాక్కం_కాపీయిస్ట్ | ఆదివారం మధ్యాహ్నం 1:15

గుంటూరు మేడమ్ చెప్పినది మనసుకి పట్టింది. దీనికి తోడు రాతలో ఇంకో చిక్కు ఉంది. లిలీపాండ్‌లో \గ్రేస్ అంటే ఉత్త చిన్న స్వరం, \అపోజియాతూరా అంటే స్లర్‌తో (స్వరాలని కలిపే వంపు గీత), \అచాకాతూరా అంటే స్లర్‌తో పాటు కాడ మీద అడ్డగీతతో. ఇప్పటివాళ్లకి అడ్డగీత కనబడితే టక్కున ముందు కొట్టెయ్యాలని అర్థం. మోట్సార్ట్ చేతిరాతలో ఒంటరి చిన్న స్వరం కాడకి అడ్డగీత ఉంటే, ఆ ప్రాంతంవాళ్ల రాత అలవాటులో అది పదహారో వంతు అని మాత్రమే. అందుకే ఈ కాలపు జాగ్రత్తగల ప్రచురణల్లో దాన్ని రెండు కొక్కేల పదహారో వంతుగా మార్చి వేస్తారు, అడ్డగీత ఉంచరు.

కాబట్టి విశాఖ మేడమ్, అడ్డగీత లేకుండా డిస్16 అని రాస్తే బాగుంటుందని నా అభిప్రాయం. అప్పుడు కింది ఖాళీలన్నీ, గ్లోబల్‌తో సహా, ఎస్16కి మారాలి. పొద్దున మీరు రాసిన ఎస్16 అప్పుడు సరిపోతుంది.

వయోలా_విశాఖ | ఆదివారం రాత్రి 8:50

సాయంత్రం పిల్లలు వచ్చారు. డిస్16, ఎస్16 పెట్టి కొత్త ప్రింట్ తీసి ముగ్గురికీ స్కోరే ఇచ్చాను, విడి పార్టులు ఇవ్వలేదు. ముందు ఏమీ చెప్పకుండా వాయించమన్నాను. గుంటూరు మేడమ్ చెప్పినట్టే జరిగింది. వయొలిన్ అమ్మాయి చిన్న స్వరం ముందే వాయించేసింది. వయోలా అమ్మాయి ఆ చప్పుడు విని అదే మొదటి దెబ్బ అనుకుని తొందరపడింది. సెల్లో అబ్బాయి బార్ లెక్కపెట్టుకుని సరిగ్గా వచ్చాడు. మొదటి దెబ్బే మూడు ముక్కలైంది.

అప్పుడు స్కేలు తీసుకుని, పెన్సిల్‌తో డి షార్ప్ నుంచి కిందికి నిలువు గీత గీశాను. గీత వయోలా మొదటి కార్డ్‌కి కొంచెం ఎడంగా ఖాళీ కాగితం మీదుగా పోయింది. «ఈ గీత మీద మీ ఇద్దరికీ ఏమీ లేదు కదా, మరి ఇది మోగినప్పుడు మీరేం చెయ్యాలి?» అని అడిగాను. వయోలా అమ్మాయి «ఆగాలి» అంది. కాదు, ముగ్గురూ కలిసే మొదలుపెట్టాలి, డి షార్ప్‌తోనే, అని చెప్పి ముగ్గురినీ ఒకే ఊపిరి తీసుకోమన్నాను. రెండో సారి కలిసింది. ఆ ఒరిపిడి వినబడగానే సెల్లో అబ్బాయి తలెత్తి చూశాడు.

కాగితం మీద వరసా, చెవిలో వరసా వేరువేరని నాకు ఈ వయసులో తెలిసింది. మొదటి బార్ కింద «చిన్న స్వరం దెబ్బ మీదే» అని తెలుగులో ఒక మాట రాసి పెట్టాను.

ఒకటే చిన్న కోరిక. మూడో బార్‌లో వయొలిన్ చిన్న స్వరం ఉన్నచోట కింద వయోలా ఎయిత్ నోట్ల మధ్య ఎడం పెరిగిపోయి, వరస తప్పిన పళ్లలా కనబడుతోంది.

ఐదు_గీతలు | ఆదివారం రాత్రి 9:30

చిన్న స్వరానికి చోటు కోసం అన్ని స్టాఫ్‌లనీ పక్కకి నెడుతోంది. లేఅవుట్‌లో స్కోర్ కింద స్పేసింగ్‌స్పానర్‌కి «స్ట్రిక్ట్-గ్రేస్-స్పేసింగ్» నిజం అని పెట్టండి. అప్పుడు ముందు పెద్ద స్వరాలని వాటి లెక్క ప్రకారం సమంగా పేర్చి, ఆ తర్వాత చిన్న స్వరాలని ఎడమ పక్కన ఇరికిస్తుంది. మీ ఎయిత్ నోట్లు సమంగా వస్తాయి. బార్లు మరీ ఇరుకుగా ఉంటే చిన్న స్వరం ముందు స్వరం మీద ఎక్కే ప్రమాదం ఉంది, ఒకసారి కళ్లతో చూసుకోండి. వరసకి ఒక బార్ తగ్గిస్తే చాలు.

డాలస్_అమ్మ | సోమవారం ఉదయం 6:10

నమస్తే అండీ. మాది డాలస్. మా అబ్బాయి స్కూల్ ఆర్కెస్ట్రాలో వయొలిన్ వాయిస్తాడు, ఇంట్లో కర్ణాటక సంగీతం నేర్చుకుంటున్నాడు. వాళ్ల మ్యూజిక్ టీచర్ మన జంట వరసలు ఆర్కెస్ట్రా పిల్లలతో వాయిస్తానని ముందుకొచ్చారు. ఆవిడకి స్టాఫ్ నొటేషనే తెలుసు. అందుకని మాయామాళవగౌళలో సస రిరి గగ మమ అని మ్యూజ్‌స్కోర్‌లో రాశాను. సా ని సి అనుకుని రి కి డి ఫ్లాట్, ధ కి ఎ ఫ్లాట్ పెట్టాను. ప్రతి జంటలో రెండో స్వరం ముందు కింది స్వరం చిన్నదిగా రాశాను: సి, (బి) సి, డి ఫ్లాట్, (సి) డి ఫ్లాట్, అలా.

పేజీ మీద అన్ని వయొలిన్లకీ చక్కగా ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. కానీ వాళ్లు వాయిస్తే మన స్ఫురితంలా (జంటలో రెండో స్వరానికి కింది స్వరం తగిలించే గమకం) లేదు. పక్షి ముక్కుతో పొడిచినట్టు ముందే వచ్చి పోతోంది. ఈ చర్చ చదివాక కారణం ఇదేనేమో అనిపించింది.

తంబురా_తెనాలి | సోమవారం ఉదయం 8:25

అదేనమ్మా. స్ఫురితంలో ఒత్తు రెండో స్వరం మీద ఉంటుంది. ఆ ఒత్తులోనే కింది స్వరం తగిలి పైకి రావాలి. రిరి అన్నప్పుడు రెండో రి పుట్టే క్షణానికే స తగులుతుంది, అంతకు ముందు కాదు. గుంటూరు మేడమ్ చెప్పిన బాఖ్ మాటకి ఇది ఎంత దగ్గరగా ఉందో చూసి ఆశ్చర్యపోయాను.

మన పెద్దలకీ ఈ చిక్కు తెలుసు. సుబ్బరామ దీక్షితులు గారు 1904లో ఎట్టయపురం నుంచి తెలుగు లిపిలో వెలువరించిన సంగీత సంప్రదాయ ప్రదర్శినిలో కంపితం, స్ఫురితం, ప్రత్యాహతం, రవ, ఖండింపు, జారు, ఒరిక, నొక్కు, ఒక్కోదానికీ ఒక్కో గుర్తు పెట్టి స్వరం మీద వేశారు. చిన్న స్వరాలు పక్కన రాస్తే కాలం ఎవరిదన్న సందేహం వస్తుంది. గుర్తు స్వరం నెత్తినే ఉంటే ఆ కాలం ఆ స్వరానిదే, సందేహం లేదు. ఆ పుస్తకం వెయ్యమని ఆయన్ని ప్రోత్సహించిన చిన్నస్వామి ముదలియారు గారేమో 1890ల్లో మన కృతులని ఐదు గీతల పద్ధతిలో రాసి అచ్చువేశారు. రెండు పద్ధతులూ ఎరిగినవాళ్లు అప్పుడే ఒకచోట కూర్చున్నారన్నమాట. తలుచుకుంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

మీ పిల్లల కోసం ఇలా చెయ్యండి. మొదటి జంటని మాత్రం చిన్న స్వరం లేకుండా విప్పి రాయండి. సి పూర్తి క్వార్టర్. తర్వాత రెండో క్వార్టర్ దెబ్బ మీద బి ముప్పైరెండో వంతు, మిగతాదంతా సి, రెండూ ఒకే విల్లులో స్లర్‌తో, దెబ్బ మీద యాక్సెంట్‌తో. దాని మీద «ఇకపై చిన్న స్వరాలన్నీ ఇలాగే» అని టీచర్‌కి అర్థమయ్యే భాషలో రాయండి. రెండో జంట నుంచి మీరు రాసిన చిన్న స్వరాలు అలాగే ఉంచండి, రెండో స్వరాలకి యాక్సెంట్ చేర్చండి. ఫ్లాట్లు ప్రతి బార్‌లో రాయక్కర్లేదు. డి, ఎ రెండింటికీ మాత్రమే ఫ్లాట్ ఉన్న సొంత కీ సిగ్నేచర్ మ్యూజ్‌స్కోర్‌లో తయారు చేసుకోవచ్చు. చిన్న స్వరాల ముందు ఫ్లాట్లు లేకపోతే పేజీ తేలికగా ఉంటుంది.

పాత_ఫినాలే | సోమవారం సాయంత్రం 5:40

ఈ చర్చకి ఒక చిన్న చేర్పు. నా ఫైళ్లన్నీ ఫినాలే అనే స్వరలిపి సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాయి. 2024 ఆగస్టులో మేక్‌మ్యూజిక్ వాళ్లు ఫినాలే అభివృద్ధి ఆపేస్తున్నామని ప్రకటించాక అన్నీ మ్యూజిక్‌ఎక్స్ఎమ్ఎల్‌లోకి (ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి స్కోరు పంపే ఫైల్ రూపం) మారుస్తున్నాను. మారిన ఫైళ్లలో చిన్న స్వరాల వరస చాలాచోట్ల పోయింది. ఎందుకో ఇవాళ అర్థమైంది.

ఐదు_గీతలు | సోమవారం సాయంత్రం 6:30

మ్యూజిక్‌ఎక్స్ఎమ్ఎల్‌లో మామూలు స్వరానికి «డ్యూరేషన్» ఉంటుంది, గ్రేస్ స్వరానికి ఉండదు. అది గ్రేస్ అన్న గుర్తు, దాని ఆకారం మాత్రమే ఉంటాయి. కాలం ముందు స్వరం నుంచి తీసుకోవాలా, తర్వాతి స్వరం నుంచా అని చెప్పడానికి చోటు ఉంది కానీ, అది రాయడం తప్పనిసరి కాదు. కాబట్టి తెరిచే సాఫ్ట్‌వేర్ తన లెక్కతో మళ్లీ పేరుస్తుంది. ఫినాలేలో మీరు చేత్తో జరిపినవి కొత్త చోట సరిగ్గా వస్తాయని ఆశ పెట్టుకోవద్దు. లిలీపాండ్‌లోకి తెచ్చుకుంటే పాట మొదట్లోనూ రిపీట్ల దగ్గరా ఖాళీ గ్రేస్‌లు ఉన్నాయో లేవో ముందు చూడండి. ఫినాలే తెరుచుకుంటున్నన్నాళ్లు ప్రతి స్కోరుకీ పీడీఎఫ్ కూడా తీసి పెట్టుకోండి, పోల్చుకోవడానికి అదే ఆధారం.

వయోలా_విశాఖ | మంగళవారం రాత్రి 9:05

స్ట్రిక్ట్ స్పేసింగ్ పెట్టాను, వయోలా ఎయిత్ నోట్లు సమంగా వచ్చాయి. ఐదో బార్‌లో వయోలా స్వరం ఎనిమిదో వంతు చేశాను, వయొలిన్ మొదటి స్వరం కిందే నిలబడింది. అయితే వాయించి చూస్తే రెండోదానితో కలవడమే చెవికి బాగుంది. మళ్లీ పదహారో వంతుకి మార్చేశాను, మొదటిరోజు నేను తప్పనుకున్న చోటికే వచ్చింది. వయోలా అమ్మాయికి అదే నచ్చింది.

అందరికీ కృతజ్ఞతలు. ఇదే ఇబ్బంది పడేవాళ్ల కోసం మొదటి బార్ సరైన రూపం కింద పెడుతున్నాను.

గ్లోబల్: \టైమ్ 4/4 \టెంపో «అల్లెగ్రో మాయెస్తోసో» \గ్రేస్ ఎస్16 ఎస్1
వయొలిన్: \క్లెఫ్ ట్రెబుల్ \గ్రేస్ డిస్16 ఇ4 ...
వయోలా: \క్లెఫ్ ఆల్టో \గ్రేస్ ఎస్16 కార్డ్స్ ...
సెల్లో: \క్లెఫ్ బాస్ \గ్రేస్ ఎస్16 ఎ8 ...

డాలస్_అమ్మ | బుధవారం ఉదయం 6:30

తెనాలి గారూ, మొదటి జంట విప్పి రాసి పంపాను. నిన్న టీచర్ క్లాసులో వాయించి ఫోన్‌లో రికార్డ్ చేసి పెట్టారు. రెండో స్వరం మీద ఒత్తు పడుతోంది. పదిహేను మంది పిల్లలు కలిసి సస రిరి అంటుంటే మా అబ్బాయి పక్కన నిలబడి చేత్తో తాళం వేస్తున్నాడు. ఇప్పుడు దాటు వరసలు కూడా అడుగుతున్నారు. వాటిలో చిన్న స్వరాలు ఎక్కడ రావాలో మీరు చెబితే రాస్తాను.

తంబురా_తెనాలి | బుధవారం ఉదయం 7:55

చాలా సంతోషమమ్మా. దాటులో పిల్లలకి ముందు చిన్న స్వరాలేవీ వద్దు, ఉత్త స్వరాలే శుద్ధంగా, శ్రుతిలో రానివ్వండి. సగ రిమ గప అని దూకేటప్పుడు విల్లు మీద ఒత్తు సమంగా ఉందో లేదో చూడమనండి. దాటు విడిగా ఒక కొత్త చర్చగా మొదలుపెట్టండి, అక్కడ ఒక్కో వరసా రాసి చూపిస్తాను.